విరిగిన నేల అంచున రెడ్‌ఫిష్

లూసియానా తీరంలో రెడ్‌ఫిష్‌ను ఫ్లైతో పట్టడానికి అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి అదను అంటారు. మేం నవంబరుకు గైడ్‌ను మాట్లాడుకున్నాం. సాధన మాత్రం ఆగస్టులోనే, హ్యూస్టన్ శివారులో మా ఇంటి దగ్గరున్న స్కూలు మైదానంలో మొదలైంది. చుట్టుపక్కల ఎక్కడా చుక్క నీరు లేదు. సాయంత్రం నడకకు వచ్చే మనవాళ్ల అమ్మానాన్నల్లో ఒకావిడ కాసేపు నిలబడి చూసి, "నీళ్లే లేవు కదా నాయనా, ఏం పడతాయి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు.

నన్ను ఇందులోకి దింపింది మా వీధి చివర ఇంట్లో ఉండే అన్నయ్య. సొంతూరు కాకినాడ దగ్గర ఉప్పాడ. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున చేతి గాలంతో మొదలుపెట్టి, అమెరికా వచ్చాక ఫ్లై రాడ్ పట్టారు. నేను కొలరాడో, ఆర్కన్సా ఏరుల్లో ట్రౌట్ పట్టినవాణ్ని. ఆ సంగతి చెబితే ఆయన మెచ్చుకోలేదు. "ట్రౌట్ పట్టిన చెయ్యి ఉప్పునీళ్లలో అడ్డమొస్తుంది తమ్ముడూ. ముందు దాన్ని మరిపించాలి" అన్నారు.

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మామూలు గాలంలో ఎరకో, దానికి కట్టిన సీసానికో బరువుంటుంది. ఆ బరువే దారాన్ని లాక్కెళుతుంది. ఇందులో ఎర అంటే కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు చుట్టి చేసిన బొమ్మ పురుగో బొమ్మ చేపో. దానికి బరువు లేనట్టే. బరువంతా దారంలోనే ఉంటుంది. ఆ దారాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి, రాడ్ బాగా వంగినప్పుడు చప్పున ఆపితే దారం సాగిపోతుంది. ఫ్లై దాని వెంట పోతుంది. దారాలకు నంబర్లున్నాయి. ట్రౌట్‌కు ఎక్కువగా వాడేది 5. రెడ్‌ఫిష్‌కు 8. ఎనిమిదో నంబరు దారంలో మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు, అంటే 13 గ్రాముల పైచిలుకు తూగుతాయి. సముద్రపు గాలికి ఎదురొడ్డి పెద్ద ఫ్లైని మోసుకెళ్లడానికి ఆ బరువు కావాలి.

మైదానంలో అన్నయ్య కాగితం పళ్లాలు పరిచేవారు. 30 అడుగుల దగ్గర ఒకటి, 40 దగ్గర ఒకటి, 50 దగ్గర ఒకటి, అదీ తలో దిక్కున. నేను నిలబడ్డ చోటు పడవ ముందు భాగం. నా ఎదురుగా పన్నెండు గంటలు, ఎడమ భుజం వైపు తొమ్మిది, కుడి భుజం వైపు మూడు. ఆయన వెనక నిలబడి "పది గంటలు, నలభై అడుగులు" అనేవారు. రెండుసార్లకు మించి దారాన్ని గాలిలో ఆడించకుండా ఫ్లై ఆ పళ్లెం పక్కన పడాలి. పళ్లెంలో పడితే ఒప్పుకునేవారు కాదు. చేప తల మీద ఫ్లై పడితే అది బెదిరి పారిపోతుంది. తలకు అడుగో రెండడుగులో ముందు, అది నడిచే దారిలో పడాలి.

దూరం విసరడం గొప్ప అనుకుని వెళ్లిన నాకు ఈ లెక్క కొత్త. ఆ నీళ్లలో చేప కనబడేదే దగ్గర్లో. చూసిన క్షణం నుంచి అది మాయమయ్యేదాకా దొరికే వ్యవధి కొన్ని సెకన్లు. అందుకని సాధనంతా మొదలుపెట్టే తీరు మీదే నడిచింది. ఫ్లై ఎడమచేతి వేళ్ల మధ్య, ముప్పై అడుగుల దారం కాళ్ల దగ్గర చిక్కుపడకుండా, రాడ్ కొస ముందుకు. ఆ భంగిమలో నిలబడి పిలుపు కోసం కాచుకోవాలి. దారం లాగే ఎడమచేతికి కూడా వేరే పాఠం ఉంది. రాడ్ వెనక్కి పోయేటప్పుడు ఒక లాగు, ముందుకొచ్చేటప్పుడు ఒక లాగు. దీన్ని డబుల్ హాల్ అంటారు. దారం వేగం పెరిగి గాలిని కోసుకుపోతుంది. గాలి కుడివైపు నుంచి కొడుతుంటే కుడిచేతి వాటం వాళ్లకు ఫ్లై చెవి పక్కగా వస్తుంది. అప్పుడు వీపు తిప్పి నిలబడి, వెనక్కి విసిరే విసురుతోనే చేపకు అందించాలి. గాలి ఉన్న రోజు చూసి మరీ అన్నయ్య నన్ను మైదానానికి రమ్మనేవారు. గాలి లేని రోజు ఇంట్లో కూర్చుని ముడులు వేయమనేవారు.

అన్నిటికన్నా కష్టమైంది చేప కరిచాక చేయాల్సిన పని. ట్రౌట్ ఫ్లైని అందుకోగానే రాడ్ పైకెత్తుతాం. ఆ కొక్కెం సన్నది, పెదవి మెత్తనిది, సరిపోతుంది. రెడ్‌ఫిష్ దగ్గర రాడ్ ఎత్తితే ఫ్లై నోట్లోంచి ఊడి గాలిలోకి లేస్తుంది. దాని నోరు కిందివైపుకి ఉంటుంది, గట్టిది కూడా. రాడ్‌ని నీటివైపే ఉంచి, ఎడమచేత్తో దారాన్ని పొడుగ్గా, గట్టిగా లాగాలి. ఇది నోటితో చెబితే చేతికి ఎక్కదు. అన్నయ్య దారం కొస పట్టుకుని గడ్డిలో కూర్చుని, తోచినప్పుడు ఒక్క గుంజు గుంజేవారు. నేను లాగాలి, రాడ్ లేవకూడదు. అక్టోబరు వచ్చేసరికి కాఫీ కప్పు ఎవరైనా చేతిలోంచి తీసుకోబోయినా నా ఎడమచెయ్యి వెనక్కి పోతోంది.

కొనాల్సినవాటి గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి. తొమ్మిదడుగుల రాడ్ మధ్యరకంది చాలు. రీల్‌కు ఉప్పు లోపలికి చొరని బ్రేకు ఉండాలి, వెనక 20 పౌండ్ల బ్యాకింగ్ దారం నిండుగా ఉండాలి. నీటిమీద తేలే దారమే కావాలి. అదీ వెచ్చటి నీళ్లకని చేసింది. చల్లటి ఏరులకు చేసిన దారం ఎండలో మెత్తబడి రాడ్ రింగుల్లో పట్టేస్తుంది. కొసన 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. నీళ్లు కొంచెం మసగ్గా ఉంటాయి కాబట్టి చేప దాన్ని పట్టించుకోదు. ఆల్చిప్పలు మాత్రం సన్నటి దారాన్ని కోసేస్తాయి. ఫ్లైలలో బాబ్ క్లౌజర్ తయారుచేసిన క్లౌజర్ మిన్నో కొన్ని. దాని తలకు కట్టిన లోహపు కళ్ల బరువుకు కొక్కెం తిరగబడి, మొన పైకి ఉండి, అడుగున గడ్డికి తగులుకోదు. లెఫ్టీ క్రే కనిపెట్టిన డిసీవర్ కొన్ని. ఈ ఫ్లై బొమ్మను అమెరికా తపాలా శాఖ 1991లో స్టాంపు మీద వేసింది. పీత బొమ్మలు, బంగారు రంగు స్పూన్ ఫ్లైలు మరికొన్ని. మసక నీటికి నలుపు, ఊదా రంగులు. "మిగిలిన డబ్బు కళ్లజోడు మీద పెట్టు. పోలరైజ్డ్, రాగి రంగు అద్దాలు. రాడ్ విరిగితే గైడ్ తనది ఇస్తాడు, కళ్లు అరువివ్వలేడు" అన్నారు.

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు ఐ-10 మీద దాదాపు 350 మైళ్లు. తెల్లారకముందే పులిహోర డబ్బాతో బయలుదేరాం. లఫాయెట్ దాటాక అచఫలాయా చిత్తడి మీదుగా 18 మైళ్ల వంతెన. రెండు పక్కలా నీళ్లలో నిలబడ్డ సైప్రస్ చెట్లు. అన్నయ్య డ్రైవింగ్ నాకిచ్చి అటే చూస్తూ కూర్చున్నారు. కోరంగి మడ అడవుల్లో పడవ మీద తిరిగిన రోజుల గురించి చెబుతూ, ఇక్కడ వేర్లు పైకి లేచిన తీరు వేరు, అక్కడి తీరు వేరు అని వివరించారు.

న్యూ ఆర్లీన్స్ దాటి ఆగ్నేయంగా గంట పోతే సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో హోప్‌డేల్. 1778 నుంచి కానరీ దీవుల జనాన్ని స్పెయిన్ ఇక్కడికి తెచ్చి స్థిరపరిచింది. వాళ్ల సంతతిని ఇస్లెన్యోలు అంటారు. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు వాళ్ల తరతరాల జీవనం. యిస్‌క్లోస్కీ దగ్గర ఎత్తే వంతెన దాటగానే రోడ్డు బయూ లా లూటర్ అనే పాయ ఒడ్డున సాగుతుంది. ఇళ్లు తాటిచెట్టంత స్తంభాల మీద ఉన్నాయి. 2005లో కత్రినా తుపాను ఈ పారిష్‌ను దాదాపు మొత్తంగా ముంచేసింది. దగ్గర్లోని షెల్ బీచ్‌లో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి, నీళ్లలో నిలబెట్టిన సిలువ ఉన్నాయి. ఆ సిలువ ఉన్న నీళ్లు సహజమైనవి కావు. ఓడలు నేరుగా న్యూ ఆర్లీన్స్‌కు చేరాలని 1960ల్లో తవ్విన 76 మైళ్ల కాలువ అది, పేరు మిసిసిపి రివర్ గల్ఫ్ అవుట్‌లెట్. దాని గుండా ఉప్పునీరు లోపలికి వచ్చి సైప్రస్ అడవుల్ని చంపింది. కత్రినా తర్వాత 2009లో దానికి అడ్డంగా రాళ్లకట్ట వేసి ఓడల రాకపోకలు ఆపేశారు.

గైడ్ ఆ ఊరివాడే. తండ్రి రొయ్యల పడవ నడిపేవాడట. పొద్దున్నే రేవులో పడవ విప్పకముందు నన్ను చెక్క మీద నిలబెట్టి ఒకసారి విసరమన్నాడు. చూసి తలూపి, "నలభై అడుగులు విసరగలవు. అంతే చాలు. నా మాట విను, తొందరపడకు" అన్నాడు. అడుగు లోతు నీళ్లలో కూడా తేలే చదును పడవ అది. వెనక ఇంజను పైన ఎత్తుగా ఒక మచ్చు. ఇంజను ఆపాక గైడ్ దాని మీదికెక్కి పొడవాటి గెడతో పడవను చప్పుడు లేకుండా నెడతాడు. నేను ముందు భాగంలో మేజోళ్లతో నిలబడ్డాను. దారం కాలికింద పడితే బూట్లున్న కాలికి తెలియదు.

ముందురోజు ఉత్తరపు గాలి వీచి చలి తెచ్చింది. ఇక్కడ పోటుపాట్లు తక్కువ, రోజుకు ఒకసారే, అదీ అడుగు అటూ ఇటూ. నీటిమట్టాన్ని అంతకన్నా ఎక్కువగా ఆడించేది గాలి. ఉత్తరపు గాలి నీటిని చిత్తడిలోంచి సముద్రంలోకి తోసేసింది. గడ్డి మొదళ్లలో బురద గట్లు, ఆల్చిప్పల గుట్టలు బయటపడ్డాయి. దాక్కునే చోటు తగ్గి రొయ్యలూ పీతలూ పాయల నోళ్ల దగ్గరికి దిగుతాయి. వాటికోసం రెడ్‌ఫిష్ అక్కడ కాపు కాస్తుంది.

మొదటి గంటలో గైడ్ చూపిన చేపలేవీ నాకు కనబడలేదు. "పదకొండు గంటలు, చూశావా?" అంటే నాకు గడ్డి, నీడ, నీళ్లు. ఆయన మచ్చు మీద నాకన్నా మనిషెత్తు పైన ఉన్నాడు, నిజమే. తేడా అంతా ఎత్తులో మాత్రం లేదు. చేప ఆకారం కోసం వెతకవద్దన్నాడు. చుట్టూ ఉన్న నీటికి పొంతన లేనిది ఏదుందో చూడమన్నాడు. గాలికి అలలన్నీ ఒకవైపు పోతుంటే అడ్డంగా కదిలే ఒక చిన్న పొంగు. అడుగున బురద రేగిన మచ్చ. మల్లెట్ చేపల గుంపు ఉన్నట్టుండి చెదరడం. తల కిందికి పెట్టి పీతను తవ్వుతున్నప్పుడు నీటిపైకి వచ్చే తోక, దాని అంచున సన్నటి నీలి గీత. ఒకటి దొరికాక రెండోది తేలికైంది. మధ్యాహ్నానికి నేనే ఒకదాన్ని ముందు చూసి చెయ్యి చాపాను. గైడ్ ఏమీ అనకుండా పడవను అటు తిప్పాడు. నాకు ఆ రోజు దక్కిన మెచ్చుకోలు అదే.

మొదటిది గడ్డి అంచు వెంట మావైపే వస్తోంది. "పది గంటలు, ముప్పై ఐదు. ఆగు. ఇప్పుడు." ఫ్లై దాని ముందు పడింది. రెండు చిన్న లాగులు. చేప పక్కకు తిరిగింది, వెనక నీరు ఉబ్బింది. దారం బరువెక్కగానే ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. రాడ్ లేవలేదు. వెనక నుంచి అన్నయ్య "అదీ!" అన్నారు. చేప నేరుగా ఆల్చిప్పల గుట్ట వైపు పరుగెత్తింది, కాళ్ల దగ్గరి దారమంతా రింగుల్లోంచి ఈలవేస్తూ పోయింది. పడవ దగ్గరికి వచ్చాక చూస్తే ఒళ్లంతా రాగి రంగు, పొట్ట తెలుపు, తోక మొదట్లో నల్లటి మచ్చ. కొలిస్తే 24 అంగుళాలు. నీళ్లలోంచి తీయగానే గుర్రుగుర్రుమంది.

ఆ చప్పుడు విని అన్నయ్య నవ్వారు. "మన కచిడికి దాయాది ఇది" అన్నారు. నిజంగానే రెండూ ఒకే కుటుంబం. గాలితిత్తి పక్క కండరాల్ని అదిలించి చప్పుడు చేసే చేపలవి. కాకినాడ, అంతర్వేది రేవుల్లో కచిడి పడితే పేపర్లలో వార్త వస్తుంది. ఆ గాలితిత్తికే లక్షల ధర పలుకుతుంది. రెడ్‌ఫిష్‌కు ధర వేరే దారిలో వచ్చింది. న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్‌లో పాల్ ప్రుధోమ్ 1979లో కె-పాల్స్ అనే హోటలు తెరిచాడు. చేప ముక్కకు వెన్న, మసాలా పట్టించి ఎర్రగా కాలిన ఇనుప పెనం మీద వేసి నల్లగా మాడ్చే వంటకం అక్కడ పుట్టింది. కొన్నేళ్లలో దేశమంతా పాకింది. గల్ఫ్‌లో పెద్ద చేపల గుంపుల్ని వలలతో చుట్టి తెచ్చేశారు. గుడ్లు పెట్టేవి అవే. టెక్సస్ 1981లోనే అమ్మకాలు ఆపింది, లూసియానా 1988లో దాన్ని వినోదపు వేటకే పరిమితం చేసింది. ఫెడరల్ జలాల్లో ఈ చేపకు రక్షణ కల్పిస్తూ 2007లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఇప్పుడు హోటళ్లలో దొరికే రెడ్‌ఫిష్ చాలావరకు చెరువుల్లో పెంచింది.

సాయంత్రం పొద్దు వాలేవేళ బయటి దీవుల దగ్గర అన్నయ్యకు పెద్దది తగిలింది. ఇలాంటివాటిని బుల్ రెడ్ అంటారు. రీల్‌లో దారమంతా పోయి బ్యాకింగ్ కనబడింది. ఆయన మాట్లాడలేదు, రాడ్‌ను పక్కకు వంచి, చేప తల ఎటు తిప్పితే అటు ఎదురు లాగుతూ నిలబడ్డారు. దగ్గరికి వచ్చేసరికి మూడడుగుల చేప. ఈ జాతి చిత్తడిలో పెరిగినంత కాలమే చిన్నది. నాలుగైదేళ్లకు పెద్దదై సముద్రానికి పోతుంది, గల్ఫ్‌లో 40 ఏళ్ల దాకా బతుకుతుంది. 2024 జూన్ నుంచి లూసియానాలో 27 అంగుళాలు దాటిన దాన్ని ఉంచుకోవడానికి వీల్లేదు. మనిషికి రోజుకు నాలుగు, అవీ 18 నుంచి 27 అంగుళాల మధ్యవే. వదలడానికి కూడా ముందే సిద్ధపడి ఉండాలి. కొక్కెం ముల్లును పటకారుతో నొక్కేసుకోవాలి. చేతులు తడిపి పట్టుకోవాలి. దవడ పట్టి వేలాడదీస్తే ఆ బరువుకు లోపలి భాగాలు దెబ్బతింటాయి. గైడ్ దాన్ని నీళ్లలోనే ఉంచి, ముందుకు పట్టుకుని మొప్పల్లోకి నీరు పోనిచ్చాడు. తోకతో ఒక్క చరుపు చరిచి పోయింది. నా 24 అంగుళాల దాన్ని మాత్రం ఉంచుకున్నాం. మర్నాడు హ్యూస్టన్‌లో వదినగారు మామిడికాయ వేసి పులుసు పెట్టారు. గట్టి కండ, పులుసులో విడిపోలేదు.

తిరుగు దారిలో గైడ్ జీపీఎస్ తెర చూపించాడు. మా పడవ బొమ్మ నేల మీద ఉంది. చుట్టూ మాత్రం అంతా నీళ్లే. పటం గీసిన నాటికి అది నేల. లూసియానా 1932 నుంచి 2010 వరకు 1,880 చదరపు మైళ్లకు పైగా తీరభూమి పోగొట్టుకుందని అమెరికా భూగర్భ సర్వే లెక్క. సుమారు 4,900 చదరపు కిలోమీటర్లు. మిసిసిపికి కట్టలు వేశాక ఏటా వరద తెచ్చే ఒండ్రు ఈ చిత్తడికి రావడం ఆగింది. చమురు కంపెనీల కోసం, ఓడల కోసం తవ్విన కాలువలు ఉప్పును లోపలికి తెచ్చాయి. నేల దిగుతోంది, సముద్రం పెరుగుతోంది. పక్క ప్లాక్‌మిన్స్ పారిష్‌లో 30కి పైగా ఊళ్లు, పాయలు, అఖాతాల పేర్లను ప్రభుత్వం నావికుల పటాల నుంచి తీసేసింది. ఆ చోట్లు ఇప్పుడు విడిగా లేవు.

నన్ను కదిలించింది ఆ లెక్క తర్వాత గైడ్ చెప్పిన మాట. ఈ మంచి వేటకు కొంతవరకు కారణం నేల ఇలా విరిగిపోవడమే అన్నాడు. శాస్త్రజ్ఞులూ దాదాపు ఇదే చెబుతారు. గడ్డినేల ఒకే దిమ్మగా ఉన్నప్పుడు దానికి అంచు తక్కువ. ముక్కలైన కొద్దీ గడ్డికీ నీటికీ మధ్య అంచు పెరుగుతుంది. రొయ్య, పీత, చేప బతికేది ఆ అంచునే. కొంతకాలం వేట పెరుగుతుంది. ముక్కలు కూడా కరిగాక అంచు ఉండదు, ఆశ్రయం ఉండదు. వల నుంచి, పెనం నుంచి చేపను చట్టం కాపాడింది. నేలను కాపాడే చట్టం అంత తేలిగ్గా దొరకడం లేదు. అన్నయ్య చాలాసేపటికి, "ఉప్పాడలో మా తాత ఇల్లు ఎక్కడుండేదని అడిగితే మావాళ్లు సముద్రంలోకి చెయ్యి చూపిస్తారు" అన్నారు. గైడ్‌కు నేను అది ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తన తాత ఇంటి జాగా కూడా పటంలో చూపించాడు.

మీరెవరైనా ఈ యాత్రకు సిద్ధమవుతుంటే రాడ్ నంబరు, ఫ్లై రంగు గైడ్ ఫోన్‌లో చెబుతాడు. గాలిలో నలభై అడుగులు, రాడ్ ఎత్తకుండా లాగడం, ఈ రెండూ ఎవరూ చెప్పి నేర్పలేరు, చేత్తోనే నేర్చుకోవాలి. వీటికి తోడు ఇంకో పని చేయండి. సెయింట్ బెర్నార్డ్ పాత పటం ఒకటి, నేటి ఉపగ్రహ చిత్రం ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం చూడండి. చేప ఎక్కడ తిరుగుతుందో సగం అక్కడే తెలుస్తుంది. మీ కాళ్ల కింద ఏముండేదో కూడా తెలుస్తుంది.